ఉప్పుకాగితం

ఆటోనగర్ మూడో క్రాసులో
రహంతుల్లా తలుపు మీద నీళ్లు చిలకరించి
ఉప్పుకాగితం రుద్దుతున్నాడు.

మొదట బుడమేరు పోయింది.
హెడ్‌లైటు గుంటల్లో ఎండిన ఒండ్రు,
సింగ్‌నగర్ షెడ్డులో పదకొండు రోజులు
ముక్కుదాకా మునిగిన వాసన.
పాత ఇనుము లెక్కన తూచబోతుంటే
నెంబరు చూసి గుర్తుపట్టాను, నాలుగు ఒకటి ఏడు.
నలభై వేలన్నాడు. రెండు వేలు తగ్గించాడు.

తర్వాత తెలుపు.
పెళ్లికొడుకుల్ని మోసిన తెలుపు.
బానెట్ అంచున ఇంకా పూలదండల టేపు జిగురు.

తెలుపు కింద నలుపు.
సత్తెనపల్లి ప్లీడరు గారిదట.
ఆర్సీ పుస్తకంలో ఆయన సంతకం
వాయిదా అడుగుతున్నట్టు వంగి ఉంది.

నలుపు కింద నీలం,
గుంటూరు మిర్చి కొట్టు కొల్లా పేరయ్యది.
వెనక సీటు విప్పితే
స్ప్రింగుల మధ్య దొరికాయి గింజలు.
నమ్మితే నమ్మండి,
రహంతుల్లా తుమ్మాడు, నేను తుమ్మాను,
పక్క షెడ్డులో వెల్డింగు కుర్రాడూ తుమ్మాడు.

నాకు కావలసింది నీలం కింద ఉంది.

నాన్న చెప్పిన కారు ఆకుపచ్చది.
"చిలకపచ్చ కాదే, ఇంకా ముదురు,
వానకి తడిసిన మామిడాకు" అనేవాడు.
ఇంట్లో మిగిలింది ఒక్క నలుపూ తెలుపూ ఫోటో:
ఎదురుగాలికి తెరుచుకునే ఫియట్ ముందు తలుపు
రెండు చేతులా పట్టుకుని పద్నాలుగేళ్ల నాన్న,
స్టీరింగు దగ్గర తులసాంబ అత్త,
గవర్నరుపేటలో కాన్పుల డాక్టరు.
అర్ధరాత్రి కబురొస్తే
అత్త నడిపేది, నాన్న లాంతరు పట్టుకునేవాడు.
ఎక్స్‌రే మిషను కొనడానికి అమ్మేసిందట,
నేను పుట్టక ఐదేళ్ల ముందు.

నీలం లేచిపోతోంది.
మురికినీళ్లు కాలువగా బూట్ల మీదికొచ్చాయి.
రహంతుల్లా గుడ్డతో ఒక్క తుడుపు తుడిచి
పక్కకి జరిగాడు.

ఎరుపు.
బాగా పండిన రేగుపండు ఎరుపు.

"దీని కింద ఇక రేకేనమ్మా" అన్నాడు.
వేరే కారేమో అన్నాను.
ఛాసిస్ నెంబరు మీద తుప్పు గీకి చూపించాడు.
ఆర్సీ మొదటి పేజీలో అదే నెంబరు,
దాని పక్కన అత్త పేరు.

స్టూలు మీద కూర్చున్నాను.
టీ చల్లారిపోయింది.

పండు టమాటాలు తెమ్మంటే
సగం పచ్చివి కలిపి తెచ్చేవాడు నాన్న.
బెంజి సర్కిల్లో సిగ్నల్ దగ్గర
పక్క స్కూటరు కదిలితే గానీ కదిలేవాడు కాదు.
రైలింజను నడపాలని వెళ్లి
మెడికల్లో తిరిగొచ్చాడు కుర్రతనంలో.
"ఛాతీ అంగుళం తక్కువైంది" అన్నాడట.
ఆ అంగుళం మీద అమ్మ వేళాకోళం
ముప్పై ఏళ్లు నడిచింది.
నాన్న కూడా నవ్వేవాడు, అందరికంటే గట్టిగా.

ఇంకొకటి.
నాన్న ఆకుపచ్చ కారు కథ ఎత్తినప్పుడల్లా
అత్త కంచంలో అన్నం కలుపుతూ
తలెత్తకుండా అనేది:
"అవును, పచ్చదే."

డాక్టరు కదా.

"ఏ రంగు వెయ్యమంటారు?"
ఎదురుగా డబ్బాల దుకాణం,
మూతల మీద వేలెడు వేలెడు రంగు మచ్చలు.
ఆకుపచ్చల్లోనే తొమ్మిది రకాలు.
ఒక్కొక్కటీ చూశాను,
తడిసిన మామిడాకు కోసం.

"ఉన్నదే వెయ్యి భాయ్, ఎరుపు."
నాన్న వచ్చి నిలబడితే
ఆయనకది పచ్చగానే ఉంటుంది.

కార్బొరేటరు దొరకడానికి నాలుగు నెలలు,
రబ్బరు బీడింగుకి ఇంకో రెండు.
క్రోమియం పూత కాస్త ఎక్కువ తోమారు,
కొత్త పళ్లసెట్టులా ఉంది బంపరు.

ఆర్టీవో ఆఫీసు కిటికీ దగ్గర
కాగితం నింపుతున్నాను.
పేరు, చిరునామా, తయారైన సంవత్సరం.
వాహనం రంగు అన్న గడి దగ్గర
పెన్ను ఆగింది.
వెనకాయన గొంతు సవరించుకున్నాడు.